నలభై ఏడు గొంతులు

2094 ఫిబ్రవరి 3, బుధవారం

ఈ పొద్దున బడి పెట్టె తెరవగానే గోడ మీద పడిన మొదటి వాక్యం: "కొత్తగట్టు బడి. నమోదైన అభ్యాసకులు: ఒకరు."

దాన్ని మేం నలభై ఏడుగురం చదివాం. అలవాటు ప్రకారం నేను మొదలుపెట్టాను, తక్కినవాళ్ళు అందుకున్నారు, వాక్యం అందరి నోటా ఒక్కసారే ముగిసింది. వెంటనే అందరూ గొల్లున నవ్వారు.

"ఒక్కరేనంట! ఆ ఒక్కరూ ఎవులే?" అంది నా పక్కన కూర్చునే సూరమ్మ, వేలితో తలలు లెక్కపెడుతున్నట్టు చేస్తూ. "మాస్టారూ, మిగిలిన నలబయ్యారుగురం దెయ్యాలమేటి?"

పాపినాయుడు మాస్టారు నవ్వలేదు. కిందికి చదవమని నాకు సైగ చేశారు.

"కనీస సంఖ్య ఇరవై ఐదు లేనందున ఈ బడిని ఫిబ్రవరి 28న మూసివేసి, అభ్యాసకురాలిని విశాఖ కొండబడిలో విలీనం చేయడమైనది. మిగిలిన విద్యా వాటా గొడుగు మూడో పొరకు పునఃకేటాయింపు. అభ్యాసకురాలి పేరు: దమయంతి."

అది నా పేరు. దాన్ని కూడా అందరూ కలిసే చదివారు.

పిల్లల్ని పంపేశాక మాస్టారు నాకు ఈ పుస్తకం ఇచ్చారు. అభ్యంతరం చెప్పుకోవాలంటే రోజువారీ రాత ఉండాలట. జరిగింది జరిగినట్టు రాయమన్నారు. నాకు పదిహేనేళ్ళు. ఇన్ని తెల్లకాగితాలు ఒక్కసారి ఎప్పుడూ నా చేతికి రాలేదు. బడి పోతుందన్న రోజున ఇవి దొరికినందుకు సంతోషం కలిగింది. ఆ సంతోషం తప్పేమో తెలియదు గానీ, జరిగింది కాబట్టి రాస్తున్నాను.

ఫిబ్రవరి 4, గురువారం

ఐదుకి లేచి అమ్మతో ఉప్పు మడిలోకి దిగాను. ఉప్పు లాగేటప్పుడు మా ఊళ్ళో ఒకరు కేక అందుకుంటారు, తక్కినవాళ్ళు ఆ కేక మీద కర్ర పలకలు వేస్తారు. ఎవరి పలక ముందు పడినా, వెనక పడినా నీళ్ళు కదులుతాయి, పొర విరుగుతుంది, తెల్లటి ఉప్పు బురదలో కలిసిపోతుంది. అందుకే ఇక్కడ ఎవరినైనా మెచ్చుకోవాలంటే "ఒక్క గొంతు మీదున్నారు" అంటారు. బడిలో మా చదువు విని ఊరంతా అదే మాట అంటారు. మూడేళ్ళుగా కేక నాది.

పదకొండున్నరకి గొడుగు, అంటే ఎండ తగ్గించడానికి ఆకాశంలో పరిచిన తెర, సూర్యుడికి అడ్డం వచ్చింది. సముద్రం సీసం రంగులోకి మారింది. ఒకటిన్నర దాకా ఇది ఉంటుంది. దీన్ని మేం నీడపూట అంటాం. ఆ రెండు గంటలూ ఉప్పు కట్టదు. నీడపూటలు వచ్చినప్పటినుంచీ మడి పండటానికి నాలుగు రోజులు ఎక్కువ పడుతోందని పెద్దవాళ్ళు గొణుగుతారు. కానీ గొడుగు లేని రోజుల్లో ఎండాకాలం మధ్యాహ్నం మడిలోకి దిగినవాళ్ళలో కొందరు తిరిగి గట్టు ఎక్కలేదు. మా తాత అలాగే పోయాడు. కాబట్టి గొణిగినా ఎవరూ గొడుగుని తిట్టరు.

నీడపూటలో మాస్టారూ నేనూ కూర్చొని అభ్యంతర పత్రం రాశాం. మా బడి నిఘంటువులో "న" దాకానే పుటలు మిగిలాయి, తక్కినవి పాత ఊరితోపాటు సముద్రంలో పోయాయి. "అభ్యంతరం" దొరికింది. "పునఃకేటాయింపు" దొరకలేదు.

"అంటే ఏమిటి మాస్టారూ?" అని అడిగాను.

"ఒకరి కంచంలోంచి తీసి ఇంకొకరి కంచంలో వెయ్యడం" అన్నారు. మళ్ళీ తనే, "వాళ్ళకీ ఆకలే అనుకో" అన్నారు.

ఫిబ్రవరి 5, శుక్రవారం

జవాబు ఒక్క రోజులో వచ్చింది. "పెట్టె లెక్క సరైనదే. గడచిన ఎనిమిది నెలల్లో ఉదయపు చదువులో ఒక గొంతు మాత్రమే నమోదైంది."

ఎనిమిది నెలలంటే ఈ కొత్త పెట్టె వచ్చినప్పటి నుంచి. అంతకుముందు ఏడాదికోసారి పడవలో ఒక మనిషి వచ్చి, మేం కలిసి చదివింది విని, తలలు లెక్కపెట్టుకొని, మా ఊరి పీతల కూర తిని వెళ్ళేవాడు. ఆ పడవ ఖర్చు మానుకోవడానికే పెట్టెకి చెవులు పెట్టారు.

సూరమ్మకి కోపం వచ్చింది. పెట్టె ముందుకి వెళ్ళి నడుం మీద చెయ్యి వేసుకొని నిలబడింది. "ఓలె పెట్టీ! నీకు సెవుడేటే? ఇంతమందిమి గొంతులు సించుకొని సదువుతుంటే నీకు ఒక్కరే ఇనపడ్డారేటే?"

పెట్టె అంచున ఎప్పుడూ ఒకే ఆకుపచ్చ చుక్క ఉంటుంది. సూరమ్మ తిడుతున్నంతసేపూ దాని పక్కన రెండో చుక్క వెలిగింది. తిట్టడం ఆపగానే ఆరిపోయింది.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. "ఇంకోసారి తిట్టమ్మా" అన్నారు.

"మాస్టారే తిట్టమంటే రాదండి" అంది సూరమ్మ.

అందరం కలిసి పాఠం చదివాం. ఒకటే చుక్క. ఇద్దరిద్దరుగా కలిసి చదివాం. ఒకటే చుక్క. ఒకరి తరవాత ఒకరుగా పేర్లు చెప్పాం. పేరుకొక చుక్క చొప్పున నలభై ఏడు చుక్కలు ఒక్క క్షణం నిలిచి, చదువు కాదని తెలిసి ఆరిపోయాయి.

ఒక్క గొంతు మీద చదివాం. పెట్టె ఒక్క గొంతే అనుకుంది. ఇన్నాళ్ళూ మేం దేన్ని గొప్ప అనుకున్నామో అదే మమ్మల్ని చెరిపేసింది. పిల్లలు మాత్రం ఎగిరి గంతులు వేశారు. జబ్బు తెలిసింది కదా, మందు సులువే అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఫిబ్రవరి 6, శనివారం

మందు సులువు కాదు.

పొద్దున ఒక్కొక్కరినీ పెట్టె ముందు కూర్చోబెట్టి, గోడ మీద పడిన కొత్త పుట చదవమన్నారు మాస్టారు. కొత్త పుట అంటే ఎవరూ ముందు చూడనిది, నాలుగే పంక్తులు. మొదటి తొమ్మిదిమంది చదివారు, తొమ్మిది చుక్కలు నిలిచాయి. పదోది సూరమ్మ.

"నాకు గొంతు బాగోనేదు మాస్టారూ."

"నిన్న పెట్టెని తిట్టినప్పుడు బాగానే ఉందిగా" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. సూరమ్మ కూడా నవ్వి, కూర్చొని, గడగడా చదివేసింది. ఒక్క తడబాటు లేదు. కానీ అది గోడ మీది పుట కాదు. గత వారం మేం కలిసి చదివిన సముద్రపు ఆటుపోట్ల పాఠం.

చుక్క వెలగలేదు.

సూరమ్మ లేచి, పావడాకి అంటిన ఇసుక దులుపుకొని, మడుల వైపు వెళ్ళిపోయింది. ఆ తరవాత ఒక్కొక్కరూ వచ్చి కూర్చున్నారు. కొందరు పాత పాఠాలు అప్పజెప్పారు. కొందరు గోడ వైపు చూసి ఊరుకున్నారు. మధ్యాహ్నానికి లెక్క తేలింది. కొత్త పుట చదవగలిగినవాళ్ళు పంతొమ్మిది మంది.

సూరమ్మ ఏడేళ్ళుగా నా పక్కనే కూర్చుంటోంది. నా పుస్తకంలోకే చూస్తుంది. నేను పుట తిప్పినప్పుడు తనూ తల తిప్పుతుంది. ఒక్కసారైనా నాకు అనుమానం రాలేదు. నా గొంతు బాగుందని దాన్నే వింటూ ఉన్నాను కాబోలు.

ఫిబ్రవరి 7, ఆదివారం

మడులకి ఆదివారం లేదు. గట్టు మీద ఉప్పు గుట్టల పక్కన సూరమ్మ కనిపించింది. పలకరిస్తే ముఖం తిప్పుకుంటుందనుకున్నాను. తిప్పుకోలేదు.

"ఏటే, ఏడుపు మొగం ఏస్కొని ఒచ్చావు? సదువు రానిది నాకు. నీకేటి?"

"నాకు ముందే చెప్పొచ్చు కదే."

"సెప్పడానికి టైమెక్కడిచ్చావు? నాను నోరు తెరిసే లోపలే నువ్వు అందుకుంటావు. నీ ఎనకాల ఎల్లిపోతే సాలు. ఒక అచ్చరం తెలీకపోయినా కత మొత్తం ఒచ్చీది." ఉప్పు గుట్ట మీద చేత్తో తట్టింది. "బాగుండీదిలే. సల్లగుండీది."

సాయంత్రం మాస్టారి దగ్గరికి వెళ్ళాను. అడగకూడదు అనుకుంటూనే అడిగాను. "మీకు తెలుసా?"

తెలుసన్నారు. మొదటినుంచీ తెలుసన్నారు. పాత పద్ధతిలో బడికి వచ్చిన పిల్లలందరి లెక్కనా బడి ఖర్చుకి వాటా వచ్చేదట. ఆరేళ్ళ కిందట నిబంధన మారి, చదవడం వచ్చినవాళ్ళకే వాటా అన్నారట.

"ఒంట్లో బాగోనివాళ్ళకి కాదు, బాగున్నవాళ్ళకే మందిస్తాం అన్నట్టుందమ్మా అది. ఒక్కణ్ణి, నలభై ఏడుమంది. ఒక్కొక్కళ్ళనీ కూర్చోబెట్టి చదివిస్తే సగం మంది లెక్కలోంచి పోతారు. లెక్కలోంచి పోతే బడే పోతుంది. కలిసి చదివిస్తే అందరూ లోపలుంటారు, ఎప్పటికో ఒకప్పటికి వస్తుందనుకున్నాను."

"వచ్చిందా?"

"కొందరికి వచ్చింది. నీకు వచ్చింది." కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. "నీకు బాగా రావడం చూసి, తక్కినవాళ్ళకీ వస్తోందని నన్ను నేను నమ్మించుకున్నాను."

ఇది రాయమంటారా అని అడిగాను. రాయమన్నారు.

ఫిబ్రవరి 9, మంగళవారం

వాటా కార్యాలయం నుంచి ఒకావిడ పెట్టెలో మాట్లాడింది. పేరు వాంజిరు. నైరోబీలో ఉంటుందట. ఆవిడ తన భాషలో మాట్లాడితే పెట్టె తెలుగు చేసి చెప్పింది.

"నమస్కారము. మీ అభ్యంతరము నాకు అందినది. మీ రోదన నన్ను కదిలించినది."

"మనం రోదించలేదే" అని గొణిగింది సూరమ్మ. ఆమె మళ్ళీ బడికి వచ్చి కూర్చుంది, కానీ నా పక్కన కాదు, వెనక గోడ దగ్గర.

కలిసి చదివే మా పద్ధతి గురించి మాస్టారు వివరించారు. ఆవిడ అర్థం చేసుకుంది. వాళ్ళ అమ్మమ్మగారి ఊరి బడి మగ్గాల షెడ్డు పక్కన ఉండేదట. అక్కడి పెట్టె మగ్గాల చప్పుడుకి సున్నా చూపించిందట. ఆ బడి కిందటి నెల మూతపడింది.

నేను మాస్టారి అనుమతి అడిగి ఒక ప్రశ్న వేశాను. "మా బడి వాటాతో గొడుగు ఎంతసేపు నిలుస్తుందండీ?"

"ఏడు సెకండ్లు కూడా నిలువదు."

"మరి ఎందుకు తీసుకుంటున్నారు?"

"ఇటువంటి బడులు లక్షన్నర ఉన్నవి. అన్నియు కలిపిన పదకొండు దినములు నిలుచును."

"అయితే ఆ పదకొండు రోజులూ మేం ఇళ్ళల్లోనే కూకుంటామని సెప్పండమ్మా" అంది సూరమ్మ వెనకనుంచి. "గొడుగు ముడిసీమనండి. బడి ఒగ్గీమనండి."

పెట్టె దాన్ని ఆవిడ భాషలోకి మార్చి చెప్పింది. ఆవిడ చిన్నగా నవ్వడం వినిపించింది. తరవాత ముక్కు చీదుకున్నట్టు కూడా వినిపించింది, అది నేను ఊహించుకున్నానేమో. "ఈ మాటను నేను సభలో చెప్పుదును. వినెదరో లేదో చెప్పలేను" అంది.

చివరికి ఆవిడ చేయగలిగింది ఇది. ఫిబ్రవరి 16న పొద్దున ఏడు గంటలకి మరోసారి లెక్క. ఎవరూ ఇక్కడికి రారు, పడవకి అనుమతి లేదు. పెట్టె వింటుంది. ఒక్కొక్కరికి ఒక కొత్త పుట. మధ్యలో పది సెకన్లు ఆగితే ఆ వంతు పోయినట్టే. ఇరవై ఐదు చుక్కలు నిలిస్తే బడి ఉంటుంది. నా కొండబడి సీటుకి గడువు కూడా అదే రోజు మధ్యాహ్నం. బడి నిలిస్తే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

పంతొమ్మిది ఉన్నాయి. ఆరు కావాలి. వారం ఉంది.

ఫిబ్రవరి 10, బుధవారం

మాస్టారు కాస్తో కూస్తో అక్షరాలు వచ్చినవాళ్ళని పదిమందిని ఎంచారు. నీడపూట రెండు గంటలూ వాళ్ళకే. నాకు సూరమ్మని ఇవ్వమని నేనే అడిగాను. ఆమెకి అక్షరాలు విడిగా చూపిస్తే సగానికి పైగా వచ్చు. ఉప్పు గుట్టల మీద ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో చెక్క ముద్ర నొక్కుతారు, ఎవరి గుట్టో తెలియడానికి. ముప్పై ఇళ్ళ ముద్రలూ సూరమ్మ దూరంనుంచే పోల్చుకుంటుంది. కళ్ళకి లోటు లేదు. అక్షరాలు వరసగా నిలబడితేనే ఆమెకి భయం.

ఈ రోజు ఇంకొకటి జరిగింది. చిన్నపిల్లల్ని నవ్వించడానికి ముక్కు నొక్కుకొని, ముసలి గొంతుతో ఒక పుట చదివాను. పెట్టె మీద కొత్త చుక్క వెలిగింది. వెలిగి నిలిచింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. కీచుగొంతుతో ఇంకో పుట చదివాను. ఇంకో చుక్క.

సూరమ్మ వాళ్ళ నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. పేరు గురువులు, నేను మామ అంటాను. ఆయన మా మడుల మేస్త్రి. ముఖం వెలిగిపోయింది. "ఓరి దీని తస్సాదియ్యా! ఇంకేటి మాస్టారూ బెంగ? ఆరు గొంతులూ మా కోడలే ఎత్తీగలదు. పెట్టికి కళ్ళు నేవు కదా!"

మాస్టారు వద్దనలేదు. అవుననలేదు. నేలచూపులు చూశారు.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. మడి నుంచి వస్తుంటే ప్రతివాళ్ళూ నా గొంతు గురించే మాట్లాడారు. ఒకావిడ మిరియాల పాలు పంపింది.

ఫిబ్రవరి 12, శుక్రవారం

అమ్మకి నేను గొంతులు ఎత్తడం ఇష్టం లేదు. అందుకు కారణం నేను అనుకున్నది కాదు.

"నాను నిన్ను ఏటీ ఎత్తొద్దంటన్నాను" అంది, పాదాల పగుళ్ళకి నూనె రాసుకుంటూ. "బడి మూసీనీ. సంతకం పెట్టీసి ఎల్లిపోవే తల్లీ. కొండ మీద పెద్ద బడంట, నీకు నచ్చే పుస్తకాలు గదులు గదులు ఉంటాయంట. ఈ కాళ్ళు సూడు. నీకూ ఇలగే కావాలేటి?"

"మిగతావాళ్ళు, అమ్మా?"

"మిగతావోళ్ళకి అమ్మలు నేరేటి?"

ఉన్నది ఉన్నట్టు రాయాలి కాబట్టి రాస్తున్నాను. సీటుకి సంతకం పెట్టి పంపమని వచ్చిన కొండబడి ఉత్తరం రోజూ తీసి చూస్తున్నాను. అందులో గ్రంథాలయం బొమ్మ ఉంది. లెక్క తప్పితే నేను ఆ గదిలో ఉంటాను, తక్కిన నలభై ఆరుగురు మడుల్లో ఉంటారు. లెక్క తప్పాలని నేను కోరుకోవడం లేదు. కానీ తప్పితే నాకు ఏమవుతుందో తెలుసు, దాని గురించి తలుచుకుంటే భయం వెయ్యడం లేదు. అదే నన్ను భయపెడుతోంది.

ఫిబ్రవరి 13, శనివారం

ముగ్గురు గట్టెక్కారు. ఇరవై రెండు.

సూరమ్మతో చిక్కు ఏమిటంటే, రెండు మాటలు చదవగానే మూడోది ఊహిస్తుంది. చదువుకి ఒక రాగం ఉందని ఆమె చెవులకి అలవాటు. రాగం ముందుకు తోసుకుపోతుంటే కళ్ళు వెనకబడతాయి. అందుకని ఈ రోజు పంక్తిని చివరినుంచి మొదటికి చదివించాను, ఒక్కొక్క మాట చొప్పున.

"వస్తుంది... నీరు... లోకి... కాలువ." చదివి నా వైపు చూసింది. "ఇదేటే, రొయ్యలాగ ఎనక్కి నడిపిస్తన్నావు?"

"వెనక్కి నడిస్తే రాగం రాదు కదా. చూసి చదవాల్సిందే."

"తిన్నగా నడవడం ఎప్పుడు?"

"రేపు."

"నీకు రేపులు సాలా ఉన్నాయి. నాకు మూడే ఉన్నాయి" అంది. కానీ మళ్ళీ పుట వైపు వంగింది. రొయ్యలా పద్దెనిమిది పంక్తులు చదివింది. నీడ తొలగి ఎండ మొదలయ్యాక కూడా లేవలేదు. వాళ్ళ నాన్న వచ్చి పిలిచాడు. "పని సూస్కోయే! ఆరు గొంతులూ ఉన్నాయి మనకి, నీకెందుకే ఈ యాతన?" అన్నాడు.

సూరమ్మ లేచి వెళ్ళింది. ఉప్పు లాగే పలక విసురుగా తీసుకోవడం చూశాను.

ఫిబ్రవరి 14, ఆదివారం

ఈ రోజు ముందు నుంచి చదివించాను. నాలుగు పంక్తులకి సూరమ్మ ఆరుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా నేను మొదటి అక్షరం అందించాను. అందించగానే చదివింది. బాగానే ఉందనుకున్నాను.

కుండలో నీళ్ళు అయిపోతే తేవడానికి వెళ్ళాను. తిరిగి వస్తూ కిటికీ దగ్గర ఆగిపోయాను. సూరమ్మ ఒక్కతే చదువుతోంది. రాగం లేదు. ఒక్కో మాటనీ మడిలో అడుగు వేసినట్టు, కింద గట్టి నేల ఉందో లేదో చూసుకొని దింపుతోంది. ఎక్కడా పది సెకన్లు ఆగలేదు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను, ఎక్కువలో ఎక్కువ ఏడు. నాలుగో పంక్తి చివర చుక్క వెలిగింది.

నేను కుండ పట్టుకొనే లోపలికి పరిగెత్తాను. సగం నీళ్ళు నా మీదే ఒలికాయి. "మళ్ళీ చదువే! మళ్ళీ!" అన్నాను.

ఇంకో పుట మొదలుపెట్టింది. రెండో మాట దగ్గర ఆగింది. నా నోటి వైపు చూసింది. నేను పెదవులు బిగించి కూర్చున్నాను. అయినా చూస్తూనే ఉంది. పది సెకన్లు అయిపోయాయి.

మూడుసార్లు ప్రయత్నించాం. మూడుసార్లూ అంతే.

ఫిబ్రవరి 15, సోమవారం

ఇరవై మూడు చుక్కలు ఖాయం. ఎనిమిదేళ్ళ గున్నమ్మకి చదవడం వచ్చింది గానీ గొంతు పిట్టంత. పెట్టెకి ఆనుకొని కూర్చోబెడితే వింటుందని మాస్టారు అంటున్నారు. అది ఇరవై నాలుగు. సూరమ్మ చదివితే ఇరవై ఐదు. పదిమందిలో తక్కినవాళ్ళకి ఇంకా నెల పడుతుంది.

నీడపూటలో గురువులు మామ, ఇంకా నలుగురు పెద్దలు బడికి వచ్చారు. రేపు నేను ఆఖరి వరసలో కూర్చోవాలట. లెక్క తక్కువ పడితే మామ దగ్గుతాడట, అప్పుడు నేను ముసలి గొంతు ఒకటి, కీచుగొంతు ఒకటి ఎత్తాలట. "పిల్లల సదువు కోసమేగా సేస్తన్నాం, దొంగతనం కాదు" అన్నాడు మామ. ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళున్నాయి. మాస్టారు ఈసారి కూడా ఏమీ అనలేదు, నా వైపు చూశారు. నేను తల ఊపాను. ఎందుకు ఊపానో తెలియదు. అంతమంది పెద్దవాళ్ళు ఒక్కసారి చూస్తే తల దానంతట అదే ఊగుతుంది.

వాళ్ళు వెళ్ళాక సూరమ్మ నన్ను గట్టు మీదికి లాక్కెళ్ళింది.

"రేపు నువ్వు లోపల ఉండకు."

"ఏం?"

"నువ్వుంటే నా కళ్ళు నీ నోటి మీదకి ఎల్లిపోతాయి. మూస్కొని కూకున్నా అంతే. నాకు అలవాటైపోయింది. నువ్వు గోడవతల ఉన్నా తెల్సిపోద్ది."

"నేను లేకపోతే, ఒకవేళ తక్కువ పడితే..."

"మా అయ్య దగ్గుతాడు. నువ్వు ఎత్తుతావు. అదే సెప్తన్నాను." నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె అరచేయి ఉప్పుకి గరుకెక్కి ఉంది. "నువ్వు ఎత్తీసినావనుకో, బడి ఉంటాది. నాను ఎప్పట్లాగే నీ పక్కన కూకుంటాను, ఎప్పట్లాగే ఏటీ రాదు. మల్లీ ఏడేళ్ళు. ఒద్దే."

"నువ్వు ఆగిపోతే బడే పోతుంది సూరమ్మా. గున్నమ్మకి పోతుంది. అందరికీ పోతుంది."

"తెల్సు. రెండ్రోజులై అన్నం దిగడం నేదు." సముద్రం వైపు తిరిగింది. "పోతే నా నోటితో పోనీ. నీ నోటితో నిలబడొద్దు."

అది సరైన మాటో కాదో నాకు తెలియదు. నలభై ఏడుమంది బడిని ఒక్కతి పౌరుషం మీద పెట్టవచ్చా? వాంజిరుగారికి ఈ చిక్కు చెబితే ఏమనేవారో. ఆవిడ దగ్గర లక్షన్నర బడులున్నాయి. ఒక్కొక్క బడిలో ఒక సూరమ్మ అయినా ఉంటుంది. నిన్న ఆ కిటికీ దగ్గర నిలబడి విన్న నాలుగు పంక్తులు మాత్రం నాకు తెలుసు. అవి ఎవరి వెనకా వెళ్ళిన గొంతు కాదు.

సాయంత్రం మాస్టారికి చెప్పాను, రేపు మొదటి పుట నాకు ఇమ్మని. ఎందుకని ఆయన అడగలేదు. వరసల కాగితంలో నా పేరు ఆఖరు నుంచి కొట్టేసి పైన రాశారు. రాశాక, "మీ మామకి నేను చెప్పుకుంటాలే" అన్నారు. వారం రోజుల్లో ఆయన ఒక పక్షం తీసుకోవడం ఇదే మొదటిసారి. అమ్మకి మాత్రం చెప్పలేదు. కొండబడి ఉత్తరం సంతకం లేకుండానే మడిచి ఈ పుస్తకంలో పెట్టాను. రేపు మధ్యాహ్నానికి అది చెల్లుతుందో లేదో సూరమ్మ చెబుతుంది.

రేపు పొద్దున ఏడుకి నా నాలుగు పంక్తులు చదువుతాను. చుక్క నిలవగానే లేచి, ఎవరు పిలిచినా ఆగకుండా బయటికి వస్తాను. సూరమ్మ వంతు పని మిగిలిపోకూడదు కాబట్టి, ఆమె పలక తీసుకొని వాళ్ళ పడమటి చివరి మడికి వెళతాను. అక్కడికి బడి మాట వినపడదు, మామ దగ్గినా వినపడదు. ఎవరైనా గట్టు మీద పరిగెత్తుకొచ్చి చెప్పేదాకా, తల ఎత్తకుండా ఉప్పు లాగుతూ ఉంటాను.